గోరుకు తగిలిన గీత

మా బావ ముదిగుబ్బలో కార్ల సొట్టలకు లప్పం పెట్టి రంగు వేసేవాడు. ఆదివారాలు మాత్రం ప్లాస్టిక్ ముక్కలు అతికించి చిన్న విమానాలు చేసేవాడు. షెడ్డుకొచ్చేవాళ్లు, “యాడికి పోతాదన్నా ఇది?” అని ఆటపట్టించేవారు.

“యాడికీ పోదు. ఈడనే ఉంటాది,” అనేవాడు.

విమానం రెండు సగాలు కలిసే చోటును ఆయన కుట్టు అనేవాడు. దానిమీద లప్పం పూసి, ఆరాక ఉప్పుకాగితం తడిపి రుద్ది, కళ్లు మూసుకుని అడ్డంగా బొటనవేలి గోరు లాగేవాడు. గోరుకు ఏమీ తగలకపోతేనే కుట్టు పోయినట్టు.

“కన్ను మోసపోతాది, గోరు మోసపోదప్పా.”

ఒకసారి సాయం చేస్తానని నేను కనిపించిన గీతలన్నీ లప్పంతో పూడ్చేశాను. బావ విమానాన్ని తిప్పి చూసి నవ్వాడు.

“ఏం బామ్మర్దీ, తలుపు గీత గూడా మూసేసినావే! లోపలుండేవాళ్లు యాడ దిగల్ల?”

సూదితో ఆ గీతను మళ్లీ గీయడానికి ఆయనకు మధ్యాహ్నమంతా పట్టింది.

బావ పోయి పది రోజులైంది. ఆయన సగంలో వదిలిన విమానం బల్లమీదే ఉంది. కుట్టుమీది లప్పం గట్టిపడింది. రేపు పెద్దకర్మకు దాన్ని ఫొటో పక్కన పెట్టాలని అక్క కోరిక.

“మీ బావ చేసినట్లే ఉండల్లరా,” అంది.

ఈ పొద్దున కూర్చుని రుద్దాను. ఏడుపు రాలేదు. కళ్లు మూసుకుని గోరు లాగాను. కుట్టు ఎక్కడా తగల్లేదు. ఇంకొంచెం ముందుకు లాగితే సన్నగా ఏదో తగిలింది. మళ్లీ ఉప్పుకాగితం అందుకుని కళ్లు తెరిచాను.

అది తలుపు. దాన్ని అలాగే వదిలేశాను.