చిన్నోడు ఏడుపు ఆపిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... వడమాలపేటలో మా ఇంటి వెనక ఉన్న కట్టెల కొట్టంలోకి ఎవరం పోయినా, ముందు గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా దగ్గేవాళ్లం. లోపలున్న వాళ్లకు చెప్పి పోవాలంట... మా అవ్వ పెట్టిన పద్ధతి అది. లోపల ఉండేది మనుషులు కాదు మరి!

గోడ మీద అరచెయ్యంత సాలెపురుగులు. పొట్ట కింద తెల్లటి గుడ్ల బిళ్ల పట్టుకుని, కాళ్లు చాచుకుని, కదలకుండా ఉండేవి. మనం చూపు తిప్పుకుని మళ్లీ చూస్తే కొంచెం జరిగినట్టుండేవి... అబ్బా, ఇప్పుడు తలుచుకున్నా వీపు మీద ఏదో పాకినట్టే ఉంది నాకు. వాటిని చీపురుతో కొట్టనిచ్చేది కాదు అవ్వ.

కట్టెల కింద తేళ్లు. ఒకసారి పెద్ద నల్లతేలు ఒకటి, వీపు నిండా బియ్యపుగింజల్లాంటి పిల్లల్ని మోసుకుని, మొద్దు మీద నుంచి నింపాదిగా దిగిపోయింది. అమ్మా నేనూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని అలాగే నిలబడిపోయాం.

"నల్లదానికేం బయపడతారు మే... వక్కముక్కంత ఎర్రది ఉంటాది, దానికి బయపడండి" అనేది అవ్వ.

ఆ ఎర్రదే కుట్టింది మా తమ్ముణ్ణి.

ఎండాకాలం సెలవులు... మిట్టమధ్యాహ్నం. నాయన పని మీద పుత్తూరు వెళ్లాడు. చిన్నోడికి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. కొట్టం గుమ్మంలో పడి ఉన్న గోనెపట్ట మీద కాలు పెట్టాడు, అంతే... కెవ్వుమన్నాడు. గోనె కింద నుంచి ఎర్రటిది తోక ఎత్తుకుని కట్టెల్లోకి దూరడం నా కళ్లతో చూశాను.

అవ్వ కంగారు పడలేదు. చింతపిక్కను రాతి మీద అరగదీసి కుట్టిన చోట అంటించి, నన్ను కేకేసింది. "మేయ్ పాపా, మస్తాన్ తాత దగ్గిరికి పో. దోవలో ఎవురితోనూ మాట్లాడబాక. ఎనక్కి తిరిగి సూడబాక."

మస్తాన్ తాత పక్క వీధిలో పరుపులు కుట్టేవాడు, తేలు మంత్రం వేసేవాడు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా... మా వైపు తేలు కుట్టిన మనిషిని ఆయన దగ్గరికి తీసుకుపోనక్కర్లేదు. కబురు తెచ్చిన మనిషికి మంత్రం వేస్తే చాలు, అక్కడ ఇంట్లో ఉన్న మనిషికి నొప్పి దిగిపోతుందని నమ్మకం.

తాత నన్ను గడప మీద కూర్చోబెట్టాడు. "యాడ కుట్టిందమ్మా?" అన్నాడు. చిన్నోడికి కుట్టింది ఎడమ కాలు కదా, నా ఎడమ కాలు చూపించాను. వేపమండతో నా మోకాలి నుంచి కిందికి దువ్వుతూ ఏదో గొణిగాడు. ఆయన "దిగిందా?" అంటే కబురు తెచ్చినవాళ్లు "దిగింది" అనాలి. నన్ను ఏదీ కుట్టలేదు... అయినా ఆ ఆకులు తగిలినంత మేరా నా కాలు చల్లబడిపోయింది, ఒట్టు! "దిగింది" అన్నాను.

వెనక్కి చూడకుండా పరిగెత్తాను. మా వీధి మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి ఏడుపు వినపడలేదు. ఎంత సంబరపడ్డానో!

చిన్నోడు అవ్వ ఒళ్లో గమ్మున పడుకుని ఉన్నాడు. "సూసినావా, మంత్రం పారింది. నొప్పి దిగింది బిడ్డకి" అని అవ్వ వాడి తల నిమురుతోంది. వాడి కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి... నన్ను చూడటం లేదు. నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు అటే చూస్తున్నాడు. నాకు తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

నీళ్ల చెంబుతో వచ్చిన అమ్మ వాడి పాదం పట్టుకుంది. పట్టుకుని ఇక వదల్లేదు.

"అత్తా... కాళ్లు సల్లగా ఉండాయి."

"విసం దిగితే ఒళ్లు సల్లబడతాదిలే. నిద్దరపోనీ."

"ఈ ఎండలో సల్లబడేదేంది అత్తా? సొక్కా సూడు, పిండితే నీళ్లు కారతాయి!"

నిజమే... చొక్కా తడిసి ముద్దయింది. గుండె ఆ తడిబట్ట పైకే కనపడేలా కొట్టుకుంటోంది. వాడు ఊరుకున్నది నొప్పి తగ్గి కాదు, ఏడ్చే ఓపిక లేక.

అత్త మాటకు ఏనాడూ ఎదురు చెప్పని మా అమ్మ, ఆమె ఒళ్లోంచి వాణ్ణి లాక్కుని, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. వెనకే నేను. తిరుపతి వైపు పోయే మామిడికాయల లారీకి అడ్డం నిలబడింది. తిట్టబోయిన డ్రైవరు పిల్లాణ్ణి చూసి గబగబా తలుపు తీశాడు. దారి పొడుగునా అమ్మ వాడి చెంపలు తడుతూ "ఏడువు నాయనా... ఒక్కసారి ఏడువు" అంటూనే ఉంది. నేను వాడి పాదాలు నా గౌనులో చుట్టి పట్టుకున్నాను. ఎంతకీ వేడెక్కలేదు.

ఆస్పత్రిలో వాణ్ణి లోపలికి తీసుకుపోయారు, మమ్మల్ని రానివ్వలేదు. ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని తర్వాత చెప్పారు. మర్నాడు పొద్దున లోపల్నుంచి ఒకటే ఏడుపు... సూది వేశారేమో, గొంతు చించుకుని "అమ్మా!" అని. అమ్మ వరండాలో కూలబడి నవ్వింది, నవ్వుతూనే భోరుమంది. అంత హాయైన ఏడుపు నేను మళ్లీ వినలేదు.

ఇంటికొచ్చేసరికి అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ముందు రోజు నుంచీ అన్నం ముట్టలేదంట. అమ్మ మొహం చూడలేక, నేల చూస్తూ "ఏడిసినాడా?" అని మాత్రం అడిగింది.

"ఏడిసినాడత్తా" అంది అమ్మ. అని, వాణ్ణి తీసుకెళ్లి ఆమె ఒళ్లోనే పడుకోబెట్టింది.

ఇప్పుడు కట్టెల కొట్టాలూ లేవు, మంత్రాలూ లేవు... మా పిల్లలు తేలును ఫోన్లోనే చూశారు. చిన్నోడికైతే ఏమీ గుర్తులేదు, "కథలు బాగా చెప్తావక్కా" అని నవ్వుతాడు. మీ ఇళ్లల్లో తేలు కుడితే ఏం చేసేవాళ్లు? ఎవరి కాలికి మంత్రం వేయించేవాళ్లు? రాయండి, చదువుతాను.

నాకు మాత్రం పిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే ఏ దిగులూ ఉండదు. ఇల్లు ఉన్నట్టుండి గమ్మునైపోతేనే... చేస్తున్న పని వదిలేసి వెళ్లి, నిద్రపోయే పిల్లల పాదాలు పట్టుకుని చూస్తాను.