మోటారు పక్క గది

జగిత్యాలలో మా లేడీస్ హాస్టల్‌లో నీళ్ల మోటారు పక్క గది ఎవరికీ అక్కర్లేదు. సిరిసిల్ల నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం అడిగి మరీ తీసుకుంది. కోరుట్ల నుంచి ఆలస్యంగా వచ్చి చేరిన నాకు అక్కడే మంచం దొరికింది.

"సప్పుడు లేకుంటే నాకు సదువెక్కదే," అంది. వాళ్లింట్లో రెండు సాంచాలు, అంటే మరమగ్గాలు ఉండేవి. ఆ మోతలోనే పుట్టి పెరిగింది. మోటారు ఆగితే చాలు, పుస్తకంలోంచి తలెత్తి "ఆగిందా?" అనేది. ఆగిందని తనకూ తెలుసు. అయినా నేను చెప్పాలి.

మోటారును దూరంగా మార్చాలని హాస్టల్ కమిటీ మీటింగు పెడితే తనూ సరేనని చెయ్యెత్తింది. "అందరికి నిద్ర వడ్తలేదంటే నేనెట్ల అద్దంట?" అంది తర్వాత.

మోటారు పోయాక రోజూ సాయంత్రం వాళ్లమ్మకు ఫోన్ చేసి, "ఫోను సాంచె కాడ వెట్టమ్మా," అని స్పీకర్ పెట్టుకుని చదువుకునేది. నాకు విసుగ్గా ఉండేది కానీ ఏమీ అనలేకపోయేదాన్ని.

ఒక సాయంత్రం ఫోన్‌లో ఏ చప్పుడూ లేదు.

"ఏందమ్మా, కరెంటు పోయిందా?"

"మన సాంచాలు దసరాకే అమ్మిండు బిడ్డా మీ బాపు. సదువు ఇడ్సిపెట్టి అస్తవని చెప్పలే. గిన్ని దినాలు పక్కింటోళ్ల సాంచె కాడ వెట్టిన. ఇయ్యాల ఆ సాంచె గూడ బందయింది."

ఆమె ఫోన్ అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఆగిందా?"