బెజ్జం పడని అట్ట

మా తాత శ్రీరంగప్పకు బతికున్నవాళ్లతోనే మాట్లాడ్డం సరిగ్గా రాదు. అలాంటి మనిషి చచ్చిపోయిన అవ్వ చేత పాడించడానికి పూనుకున్నాడు.

ధర్మవరంలో జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టడం ఆయన పని. గ్రాఫు కాగితం మీద చీర అంచును ఎర్ర పెన్సిలుతో గడిగడిగా నింపి, ఆ బొమ్మ ప్రకారం దళసరి అట్టలకు బెజ్జాలు పొడిచేవాడు. మగ్గం మీద అట్ట ఎక్కినప్పుడు బెజ్జమున్న చోట కొక్కెం లేస్తుంది, దానికి కట్టిన దారమూ లేస్తుంది. లేనిచోట లేవదు. మా ఊరి హంసలూ నెమళ్లూ అన్నీ ఇలా పుట్టినవే.

మా అవ్వ కదిరమ్మ పట్టుదారాన్ని కండెలకు చుట్టేది. రాట్నం తిప్పుతూ మాటల్లేని రాగమొకటి తీసేది. పంతొమ్మిదివందల ఎనభైలో వచ్చిన కరువులో ఆమె పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు, ఒక మధ్యాహ్నం తాత సంగటి ముద్ద సగంలో వదిలేశాడు.

"మీ యవ్వ పాట తోక మర్సిపోయినా. మొదులు గూడా పోతాదేమో పాపా."

"నువ్వే పాడుకుంటే పోదు గదా తాతా."

"నా గొంతులో అది దున్నపోతు పాటయితాది."

నాటకాలు మానేసిన ఒకాయన దగ్గర్నుంచి పాత హార్మోనియం తెచ్చాడు. పైమూత ఊడదీసి, మూలన పడున్న జకార్డు కొక్కేల పెట్టెను దాని మీదికి వేలాడదీశాడు. ఒక్కో కొక్కెం నుంచి ఒక్కో మెట్టు వెనక కొసకు దారం కట్టాడు. కొక్కెం లేస్తే మెట్టు పలుకుతుంది. ఇక గ్రాఫు కాగితం తీసి, కళ్లు మూసుకుని ఒక్క వేలితో మెట్లు వెతుక్కుంటూ, దొరికిన స్వరానికి ఒక గడి ఎర్రగా నింపాడు. నేను తిత్తి కొట్టాను. ఏడో తరగతిలోనే బడికి సెలవిచ్చేశాను కనుక నాకు తీరికకు కొదవ లేదు.

"పట్టుచీర కట్టుకుని అవ్వ దిగొస్తాదా తాతా?" అని నోటితో 'చ్చ్' అన్నాను. దారం తెగినప్పుడల్లా అవ్వ చేసే చప్పుడది.

"తిత్తి కొట్టు," అన్నాడు.

అట్టలన్నీ దండలా కుట్టి ఎక్కించి, తాత కాలితో తొక్కాడు. కాలు తీసి తొక్కిన ప్రతిసారీ కొత్త అట్ట వస్తుంది. మెట్లన్నీ ఒక్కసారే లేచి ఊళపెట్టాయి. ఇంటిముందు కుక్క పరుగెత్తింది. పక్కింటి ఓబమ్మ చేటతోనే లోపలికొచ్చింది.

"ఏమప్పా శ్రీరంగన్నా, పాపం కదిరక్కను యాడ కట్టేసి కొడతాండావు?"

నేను నవ్వాను. నవ్వుతూనే చెవి ఒగ్గాను. ఆ ఊళలో సన్నని ఖాళీ ఒకటి పైకీ కిందికీ నడుస్తోంది. ఆ నడక అవ్వ పాటది. అన్నీ అరుస్తున్నాయి, ఆమె స్వరం మాత్రమే లేదు.

తాత తల కొట్టుకున్నాడు. చీర మీద జరీ పైకి కనబడాలంటే ఆ గడిలో నిలువు దారం కిందే ఉండాలి. అందుకని ఎర్ర గడి వదిలేసి తెల్ల గడులకు బెజ్జం పొడవడం ఆయన చేతికి పట్టిన అలవాటు. పాటనూ అలాగే కొట్టేశాడు.

"చీర నేసినావు తాతా, పాటను గాదు."

ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఎర్ర గడులకే బెజ్జాలు. పాట సరిగ్గా పలికింది. ఓబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అచ్చం అక్కే గదప్పా!"

తాత కాలు తీసేశాడు. "ఆయమ్మి గాదు. యాడా దారం తెగలా."

నిజమే. అవ్వకు ఆ నాసిరకం పట్టు తెగకుండా ఏ రోజూ గడవలేదు. రాగం ఆగేది, చ్చ్ అనేది, ఎంగిలి తడితో ముడేసేది, ఆగిన చోటునుంచే ఎత్తుకునేది.

"దీన్నే వింటాంటే, నా నెత్తిలో ఇదే మిగుల్తాది. ఆమె పోతాది," అన్నాడు తాత. అప్పుడాయన గొంతు విని నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

దండ నడిమికి విప్పి, ఒక్క బెజ్జమూ లేని బోడి అట్టను కుట్టాడు.

మరుసటి రోజు ఎండవేళ మళ్లీ కూర్చున్నాం. పాట సాగింది. బోడి అట్ట వచ్చింది. మెట్లన్నీ మూసుకుపోయాయి. తిత్తిలో గాలి పోయే దారిలేక నా చేతిని వెనక్కి నెట్టింది.

మూలనున్న రాట్నం దగ్గర 'చ్చ్' అని వినబడింది.

తాత నావైపు తిరిగాడు. నా నోటినిండా చెనిక్కాయలున్నాయి. నోరు తెరిచి చూపించాను.

ఆయన రాట్నం వైపు చూశాడు. తర్వాతి అట్ట రాకుండా కాలు అలాగే అదిమి పట్టుకున్నాడు.

"నిదానంగా ముడేసుకోమే," అన్నాడు. "నేను కాలు తీయనులే."