మోకాళ్ల నూనె సీసా

మా యూనివర్సిటీ సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను నేను కాకా అని పిలిచేదాన్ని. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పీసీబీ అనే విషరసాయనం ఉందేమో చూడటం నా పరిశోధన. నేను నమూనా తీసుకునే ముందే ఆయన రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, రుద్ది, వాసన చూసేవాడు.

"మస్తుగున్నది బిడ్డా, మంచిదని రాస్కో," అనేవాడు. గ్లవ్స్ ఇస్తే నవ్వి జేబులో పెట్టుకునేవాడు.

ఫలితాలు వచ్చిన రోజు పరుగున వెళ్లాను.

"కాకా, రెండు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల విషం ఉన్నది. ఇగ ముట్టకు. చర్మంలకెల్లి ఒంట్లకు పోతది, క్యాన్సర్ గూడ రావచ్చు."

ఆయన అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"మా ఇంటామె మోకాళ్ల నొప్పులకు గీ నూనెనే రాసేటోన్ని బిడ్డా. దినాం పొద్దుగాల, గోరువెచ్చగ చేసి. పోయినేడు క్యాన్సర్‌తోనే పాయె."



మర్నాడు తార్నాకలోని తన ఇంటి నుంచి ఒక కొబ్బరినూనె సీసా తెచ్చాడు. అడుగున నాలుగు వేళ్ల మందాన ట్రాన్స్‌ఫార్మర్ నూనె మిగిలి ఉంది.

"దేంట్లకెల్లి తీసిన్నో యాదికి లేదు. జర చూసి చెప్పు బిడ్డా."

ఆ తర్వాత ఆయన ఏ నూనెనూ వాసన చూడలేదు. గ్లవ్స్ లేకుండా ఏదీ ముట్టలేదు. రిటైరయ్యేదాకా నేను ఎదురైనప్పుడల్లా ఆగేవాడు, నా ముఖంలోకి చూసేవాడు, అడగకుండానే వెళ్లిపోయేవాడు.

పరీక్షకు ఒక్క పూట చాలు. ఆ సీసా మూత నేను ఇప్పటికీ తీయలేదు.