ముగ్గుపిండి పట్టిచ్చిన చిల్లు

మా పాత వ్యాన్‌లోకి వాన నీళ్లు ఎక్కడినుంచి కారుతున్నాయో చాలాకాలం తెలియలేదు. మా కడపలో వెతుకుదామన్నా వాన పడాలి గదా! తలుపు సందులోంచేనని మా ఆయన రెండుసార్లు రబ్బర్లు మార్చాడు. ఒకరోజు, మర్నాడే విత్తన వేరుశనగ మూటలు తేవాల్సి వచ్చింది; తడిస్తే మొలకెత్తి పాడైపోతాయి. నేను లోపలి రేకంతా పొడి ముగ్గుపిండి రుద్ది, పైన నీళ్లు పొయ్యమన్నాను.

"బండి లోపల ముగ్గేస్తాండావా?" అని నవ్వాడు.

రెండో బిందెకే పిండి మీద తడి గీత పడింది. అది కప్పులో, క్యారియర్ బోల్టు దగ్గర మొదలైంది. ఆ బోల్టు బిగించింది ఆయనే.

"పాపం, రబ్బర్లను శానా తిట్టినావు గదయ్యా!" అన్నాను.

ఆయన బోల్టు కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించాడు.

మర్నాడు మూటలతో వస్తుంటే వాన దంచింది. ఆయన చెయ్యి వెనక్కి చాపి మూటలు తడిమి, పొడిగా ఉన్నాయని చూసుకుని, ఈల వేశాడు.