తేడా బాబాయి తినని అడవికోడి

పక్షుల పార్కులో గూళ్లు చూసుకునే బాబాయి అడవికోడిని ఇంటికి తెచ్చి వండుకు తిన్నాడని వీధిలో పుకారు. తెచ్చిన మాట నిజం. తిన్న మాట అబద్ధం. మన వీధి పుకారులో సగమైనా నిజముండడం అపూర్వం కనక, ముందు వీధిని మెచ్చుకోవాలి.

ఆయన జబ్బు వేరు. ఒకలాంటివి రెండు కనబడితే తేడా చెప్పకుండా ఉండలేడు. అందుకే అందరికీ తేడా బాబాయి. ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని ఎవరైనా చెబితే, ఆ రెండర్థాలకీ తేడా చెప్పేవాడు.

ఈ జబ్బుతో ముప్పై ఏళ్లు కాపురం చేసింది పిన్ని. ఓసారి కొత్త చెప్పులు తొడుక్కుని "బాగున్నాయా?" అంటే, "ఎడమది కుడిదానికంటే ఓ పిసరు ముదురు రంగు" అన్నాడు.

"నాకూ మా అక్కకీ తేడా ఏమిటో కూడా సెలవివ్వండి."

"మీ అక్క నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. నువ్వు నవ్వినప్పుడు చూసి చెబుతా."

రెండు రోజులు పొయ్యి వెలగలేదు. ఆకలికీ నీరసానికీ తేడా ఆయనకి అప్పుడే తెలిసింది.

పార్కులో ఆయనకి అప్పగించినవి రెండు గూళ్లు. ఒకదాంట్లో ఎర్ర అడవికోళ్లు పది. రెండోదాంట్లో బూడిదరంగు అడవికోడి, పుంజు నిరుడు పోగా మిగిలిన ఒంటి పెట్ట. వచ్చినవాళ్లందరికీ ఆ పోయిన పుంజు కూత బాబాయే కూసి వినిపించేవాడు. "ఎర్రది మన ఇంటికోడిలా కూసి చివర్న టక్కున ఆపుతుంది. బూడిదది స్టార్టు కాని స్కూటరు. ఎర్ర పెట్ట రొమ్ము ఒట్టి గోధుమరంగు. దీనికి చూడండి, తెల్ల ఈకలకి నల్ల అంచు. కాళ్లు పసుపు."

"ఏదైనా కూరకే కదా బాబాయ్?" అన్నాడొకడు.

"లోపలికొచ్చే గేటుకీ బయటికి పోయే గేటుకీ తేడా తెలుసా నీకు?" అని రెండోది చూపించాడు.

ఇంతలో కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చిన మూడో రోజే చిలకలకి గూడు చాలడం లేదని, కోళ్లన్నిటినీ ఒకేదాంట్లో వెయ్యమన్నాడు. బాబాయి అరగంట తేడాలు చెప్పాడు. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

"రెండూ కోళ్లేనా, కాదా?"

"కోళ్లే సార్."

"మరింకేం."

మర్నాడు సాయంత్రం బాబాయి తువ్వాలు కప్పిన బుట్టతో ఇంటికొచ్చాడు.

"ఏమిటది?" అంది పిన్ని.

"పెట్ట."

"వండమంటారా?"

ఆయన బుట్ట మెల్లగా కింద పెట్టాడు. ఏ తేడా చెప్పకపోయేసరికి పిన్నికి భయం వేసి తువ్వాలు తీసింది. ఎర్రకోళ్లు పొడిచిన తల పచ్చిపుండులా ఉంది. ఇద్దరూ మందు రాసి స్నానాలగదిలో పెట్టి, తమ స్నానాలు పెరట్లోకి మార్చుకున్నారు. చెత్తబుట్టలో ఈకలు చూసిన ఎదురింటావిడ మిగతా కథంతా తనే వండింది.

ఆ వంట ఘుమఘుమ ఆఫీసుదాకా పోయింది. రెండు రోజుల్లో సంజాయిషీ రాసివ్వకపోతే ఉద్యోగం ఊడుతుందన్నారు. బాబాయి రాత్రంతా కూచుని నాలుగు పేజీలు రాశాడు. మేనేజరు వాటిని పట్టుకుని తనే ఇంటికొచ్చాడు.

"ముక్కు, కాళ్లు, రెక్కలు, తోక... అన్నీ రాశారు. కోడిని ఎందుకు తెచ్చారో మాత్రం రాయలేదేం?"

బాబాయి గోడ చూశాడు. పిన్ని లేచి స్నానాలగది తలుపు తీసింది.

మేనేజరు చాలాసేపు వంగి చూశాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "రేపు చిలకల్ని వేరేచోటికి మారుస్తాం, దీని గూడు దీనికే" అని, తల దించుకుని వెళ్లిపోయాడు.

పిన్ని ఇక ఊరుకోలేక అడిగేసింది. "ఉద్యోగం మీదికొచ్చినా, ఇదంతా ఆయన ఆర్డరు వల్లేనని ఒక్క ముక్క రాయరేం మీరు?"

"తెలియకపోవడం వేరు, జాలి లేకపోవడం వేరు. ఆయనకి తెలియదు, అంతే" అన్నాడు బాబాయి. "రేపట్నించి రోజూ భోజనాల వేళ పక్కన కూచుని నేర్పుతాగా."