సుగుణక్క తీసిన ఫ్యూజు

మొన్న జనగామలో ఒక పెళ్లి భోజనాల మధ్య కరెంటు పోయింది. మనిషంత ఎత్తు సౌండు బాక్సులు పీక నొక్కినట్టు ఆగిపోయాయి. ఫ్యాన్లు నిలిచాయి, కాలిన వైరు వాసన పప్పుచారు వాసనతో కలిసి ముక్కుకు తగిలింది. నాకు ఒళ్లు మండింది. పాటను అలా సగంలో చంపితే ఊరుకోని మనిషి దగ్గర పెరిగినవాణ్ని నేను. ఆమె పేరు సుగుణక్క.

పగలు దవాఖానలో నర్సు, సాయంత్రం మా ఆర్కెస్ట్రాకు గాయని, పెద్ద దిక్కు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఊరేగింపుల ముందు నడిచి పదునెక్కిన గొంతు. ఆమె కోపానికి జనగామ స్టేషన్లో గూడ్సుబండి వెనక్కి నడిచిందని అందరికీ చెబుతుంటాను. నడవలేదు. నడిచి ఉండాల్సింది. పట్నం కుర్రాళ్ల రాక్ పాటల మోజు ఆ రోజుల్లో మాకూ అంటుకుంది. గిటారు రాజన్నది, అకార్డియన్ నాది. జాజు డ్రమ్ములు మాత్రం మిల్లు పటేలు కొడుకు ప్రతాపువి. ఏ ఊళ్లోనైనా డ్రమ్మరును ఎంచుకునే పద్ధతి అప్పట్లో ఒకటే: డ్రమ్ములు ఎవరివైతే వాయించేది వాడే. ప్రతాపు వాయిస్తే ఇనుప సామాన్ల బండి గతుకుల్లో పడ్డట్టుండేది. అయినా అందరం నోరు మూసుకున్నాం. మేం సాధన చేసే గోదాము కూడా వాళ్లదే మరి.

ఒక సాయంత్రం పాట మంచి ఊపులో ఉండగా సుగుణక్క మైకు వదిలి గోడ దగ్గరికి నడిచి ఫ్యూజు పీకేసింది. మైకు చచ్చింది, గిటారు చచ్చింది. వాటితోపాటు ప్రతాపు చేతులూ ఆగిపోయాయి.

"కరెంటు పోయిందక్కా!" అని అరిచాడు.

"పోలే. నేనే తీసిన. నీ చేతులేమన్న కరెంటుతోటి నడుస్తయార?" అంది ఆమె. "పెండ్లిల గిట్లనే పోతది. గప్పుడు జనాన్ని కూసోబెట్టేది నువ్వే. నువ్వే ఆగితే ఎట్ల?"

ఆ తర్వాత బచ్చన్నపేట వైపు ఒక తండాకు సూదులు వేయడానికి పోయింది. పిల్లలు, పెద్దలు తలో దిక్కు పరుగెత్తారట. హర్యా అనే పడుచువాడు మాత్రం నగారా ముందు నుంచి లేవలేదు. భుజంలో సూది దిగుతున్నా దరువు తప్పలేదు. సూదే వంగిపోయిందని నేను చెబుతాను. సుగుణక్క మాత్రం వంగలేదనేది.

"సూదేసినవా అక్కా? నేను దోమనుకున్న," అన్నాడట వాడు.

"నడువు జనగామకు," అందట ఈమె. మా డ్రమ్మరు దొరికిన తీరు ఇదీ.

విషయం తెలిసి పటేలు గోదాముకు వచ్చాడు. "సుగుణమ్మా, నా కొడుకు డ్రమ్ముల మీద తండావోని చెయ్యి పడుతదా?"

"డ్రమ్ములు మీయి పటేలా, తీస్కపోండ్రి. పాట మాది. హర్యా యాడికీ పోడు."

తీసుకుపోయాడు. మేం గోదాము ఖాళీ చేశాం. రఘునాథపల్లి పెళ్లిలో హర్యా నగారాతోనే స్టేజీ ఎక్కాడు. ముందు వరుసలో పటేలు, పక్కన ప్రతాపు. సగం పాటలో నిజంగానే కరెంటు పోయింది. హర్యా ఆగలేదు సరికదా, పెట్రోమాక్సు లైట్లు వెలిగించేలోపు పందిరంతా చప్పట్లతో వాడి దరువులోకి వచ్చింది. సుగుణక్క మైకు లేకుండానే పాట అందుకుంది. ఆ చప్పట్లు పటేలుకు చెంపదెబ్బల్లా తగిలాయనుకుంటాను.

వారం తిరగకముందే ఆమెను చిట్యాలకు బదిలీ చేశారు. ఎవరు ఎవరి చెవిలో ఊదారో ఊరందరికీ తెలుసు, అడిగినవాడు ఒక్కడూ లేడు. రాజన్న గిటారు భుజాన వేసుకుని తిన్నగా ప్రతాపు గోదాముకే పోయాడు. హర్యా ఎక్కడో దూరాన బొగ్గుబాయి పనికి పోయాడు. నగారా మోగించిన చేతులతో బొగ్గు ఎత్తాడు. ఇన్నేళ్లయినా ఇది తలుచుకుంటే నాకు అన్నం సహించదు.

బస్సు కిటికీలోంచి సుగుణక్క నన్ను ఒక్కటే అడిగింది. "గా ప్రతాపుకు నువ్వు వాయిస్తవార?"

"వాయియ్య."

"వాయియ్యకు," అంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి. బస్సు టైర్లు కరిగిపోయాయని చెబుదామనుకుంటాను కానీ, ఆ బస్సు గురించి నాకు అబద్ధం రాదు. అది వెళ్లిపోయింది.

మొన్నటి ఫంక్షన్ హాలు ప్రతాపుదే. కరెంటు పోగానే వంటగది గుమ్మంలో నిలబడి, జుట్టు నెరిసిన ప్రతాపు అదే గొంతుతో "కరెంటు పోయింది!" అని అరిచాడు. అంతే. ఖాళీ అన్నం బేసిను బోర్లించి, గరిటె అందుకుని హర్యా దరువు మొదలుపెట్టాను. పిల్లలు చప్పట్లు కలిపారు. ప్రతాపు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందన్నా గీ లొల్లి? జనరేటరు ఏస్తున్నరు, జర ఆపు."

"ఫ్యూజు తీసింది సుగుణక్క," అన్నాను. "నేనెట్ల ఆపుత?"

వాడి మొహం పాలిపోయింది. జనరేటరు గుర్రుమంది, సౌండు బాక్సులు మళ్లీ లేచాయి. నేను ఆపలేదు.